నాలుగో గదిలో పాఠం

“తప్పుని తప్పు అనకపోతే ఇంక మాస్టారెందుకమ్మా?” అంటూ జీవరాజుగారు ఇడ్లీ పళ్ళెం పక్కకు జరిపారు. సోమవారం నుంచి ఆయన ఈ మాట అనడం ఇది నాలుగోసారి. ఇవాళ బుధవారం.

“తప్పు అనొచ్చు నాన్నా. కిటికీ అవతల నిలబడి ‘రాంగ్!’ అని కేక వెయ్యకూడదు,” అంది సారిక.

“కేకెక్కడ వేశాను? కొంచెం గట్టిగా అన్నాను.”

“అమలాపురంలో ఆ నర్సుగారి చేతిలో ఫోను జారి కిందపడింది. ఆ చప్పుడు నాకిక్కడ వినిపించింది. ఆ రోజు మళ్ళీ క్లాసులోకి రానే లేదావిడ.”

“ఆవిడ చెప్పిన వాక్యంలో నాలుగు తప్పులు. నువ్వేమో ‘వెరీ గుడ్’ అన్నావు. అది వెరీ గుడ్డా?”

“మూడు వారాల తర్వాత ఆవిడ మొదటిసారి నోరు విప్పింది. అందుకని వెరీ గుడ్.”

బేబి వంటింట్లోంచి చట్నీ గిన్నెతో వచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. “ఏవండీ, ముప్ఫయ్యారేళ్ళు మిషన్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పారు. రిటైరై నాలుగేళ్ళయింది. దాని క్లాసు దాన్ని చెప్పుకోనివ్వకూడదూ?”

“నా ఇంట్లో తప్పుడు ఇంగ్లీషు నడవడానికి వీల్లేదు.”

“ఇంట్లో ఎక్కడ నడుస్తోందిరా? లాప్‌టాప్‌లో నడుస్తోంది,” అంది హెలెనమ్మ. జీవరాజుగారి తల్లి ఆవిడ. ఎనభై రెండో ఏట కూడా ఆ ఇంట్లో ఆఖరి మాట ఆవిడదే. “సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా నువ్వు డాబా మీద కూచో. గాలీ తగులుతుంది, నోరూ ఊరుకుంటుంది.”

“అంటే నా ఇంట్లోంచి నన్నే వెళ్ళగొడుతున్నారన్నమాట.”

“డాబా కూడా మీదేనండి,” అంది బేబి.

కొవ్వూరులో ఆ ఇంటికి ఇంగ్లీషు తగువులు కొత్త కాదు. సారికకు ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చినా పెళ్ళి కాకపోవడానికి కారణం ఆ తగువులేనని బేబి గట్టి నమ్మకం. రెండేళ్ళ కిందట భీమవరం నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడి బయోడేటా చేతికి రాగానే జీవరాజుగారి చెయ్యి ఊరుకోలేదు. ఎర్ర పెన్ను తీసి పదకొండు తప్పులు దిద్ది, కింద ఇరవైకి ఏడు మార్కులు వేసి, సదుద్దేశంతోనే వాళ్ళకి తిప్పి పంపారు. మరుసటేడు పాలకొల్లు అబ్బాయి స్వయంగా వచ్చాడు. గంటసేపు మాట్లాడించి, వెళ్ళేటప్పుడు ఆయన అతని చేతిలో ఒక వ్యాకరణ పుస్తకం పెట్టారు. ఆ అబ్బాయి మళ్ళీ రాలేదు. పుస్తకమూ రాలేదు.

ఆ రెండు సార్లూ సారిక పడీపడీ నవ్వింది. వాళ్ళిద్దరి మీదా ఆమెకు మనసు లేదు కాబట్టి నవ్వగలిగింది. ఈ మధ్య మాత్రం నవ్వు రావడం లేదు. తనకు నిజంగా నచ్చినవాడు ఏదో ఒకరోజు, నోటినిండా తప్పులతో ఈ గుమ్మంలోకి వస్తే? ఎర్ర పెన్ను అప్పుడూ ఊరుకోదు. నాన్నంటే ఆమెకు ప్రాణం. అదే చిక్కు.

*

సారిక ఒకప్పుడు రాజమండ్రిలో ప్రైవేటు స్కూల్లో పనిచేసేది. రెండేళ్ళయింది, అది మానేసి ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతోంది. ఆరు గంటల క్లాసుకు ఎనిమిది మంది వస్తారు. అమలాపురం నర్సుగారు ఒకరు, తణుకులో సెల్‌ఫోన్ల షాపు కుర్రాడు ఒకడు, పెట్రోలు బంకు కాషియరు ఒకరు, ఇలా. అందరికీ ఇంగ్లీషు చదవడం వచ్చు. పదిమందిలో నోరు విప్పడమే రాదు.

అలాంటివాళ్ళ కోసం ఆమె ‘పలకబడి’ అనే యాప్ వాడుతుంది. కాకినాడలో నలుగురు కుర్రాళ్ళు కలిసి చేసిన యాప్ అది. అందులో అందరూ రాసుకునే బోర్డు ఉంటుంది. ఇద్దరిద్దరు విడిగా కూర్చుని మాట్లాడుకోవడానికి గదులు ఉంటాయి. గదిలో ఎవరితో కూర్చోవాలో ఎవరికి వారే ఎంచుకోవచ్చు. అక్కడి మాటలన్నీ రికార్డవుతాయి. తెర మూల ఒక ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంటుంది. ప్రతి శుక్రవారం పొద్దున్న సారిక వాటిని విని, ఎవరు ఎంత ముందుకొచ్చారో రాసి పంపుతుంది. కొత్తగా చేరినవాళ్ళవి మాత్రం నెల నిండేదాకా వినదు, కాస్త బెరుకు తీరనిస్తుంది.

యాప్ మంచిదే. కాకపోతే అప్పుడప్పుడు మొరాయిస్తుంది. నాన్నను డాబా ఎక్కించిన ఆ సాయంత్రమే ఎనిమిది మందీ ఒకే గదిలోకి వచ్చిపడ్డారు. ఇరుకు బస్సులో తోసుకున్నట్టు ఒకటే గోల. సారిక కంపెనీకి మెసేజ్ పెట్టింది. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది, మచ్చలేని ఇంగ్లీషులో మూడు పేరాలు. కింద ‘జానకిరామ్’ అని పేరు.

ఇంత చక్కగా రాసేవాడితో మాట్లాడితే పని త్వరగా అవుతుందని ఆమె ఫోన్ చేసింది. నిమిషంన్నర పాటు ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోయింది. అవతల నిశ్శబ్దం. ఆ తర్వాత, “వన్ మినిట్ మేడమ్.” టక్కున ఫోన్ కట్టయింది. పది నిమిషాల్లో గదులు బాగయ్యాయి.

రెండు వారాల్లో మూడుసార్లు అదే జరిగింది. అదే మూడు పేరాలు, అదే ‘వన్ మినిట్ మేడమ్’, అదే టక్కు.

“నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయి కాబోలు మహానుభావుడికి,” అంది సారిక మామ్మ పక్కన మంచం మీద కూలబడుతూ.

“ఎవరికే?”

“కాకినాడలో రిపేరు అబ్బాయి.”

“పెళ్ళయిందా?”

“మామ్మా!”

“అడిగితే తప్పేంటి? తిట్టేది నువ్వు, అడిగేది నేను.”

నాలుగోసారి సారికకు ఒళ్ళు మండిపోయింది. ఈసారి ఇంగ్లీషు జోలికి పోకుండా తెలుగులో మెసేజ్ రాసింది. ‘ఎప్పుడు చేసినా ఫోన్ పెట్టేస్తారేంటండి? మాతో మాట్లాడటం మీకు నామోషీయా?’

జవాబు రెండు నిమిషాల్లో రాలేదు. రెండు గంటలు పట్టింది. మూడు పేరాలు లేవు, ఒక్కటే వాక్యం, అదీ తెలుగులో.

‘నామోషీ కాదండి, భయం.’

సారిక దాన్ని మూడుసార్లు చదివింది. ‘దేనికండి?’ అని రాసింది. జవాబు లేదు.

*

మరుసటి సోమవారం క్లాసులో ఇద్దరు కొత్తవాళ్ళు చేరారు. ఒకరి పేరు హెలెన్. కెమెరా వేయరు, మాట్లాడరు, ‘థాంక్యూ టీచర్’ అని రాసి ఊరుకుంటారు. తమవాళ్ళలో హెలెన్‌లకేం కొదవ? వాళ్ళ చర్చిలోనే నలుగురున్నారు. రెండో మనిషి పేరు బుల్లబ్బాయి, ఊరు కాకినాడ. అతనూ కెమెరా వేయలేదు.

మీ గురించి చెప్పండి అని అడిగితే, “మై నేమ్...” అని ఆగిపోయాడు. అర నిమిషం గడిచింది. సారిక అందించలేదు, తొందర పెట్టలేదు. ఎదుటివాళ్ళ మౌనాన్ని తుంచకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం.

“వన్ మినిట్ మేడమ్,” అన్నాడు బుల్లబ్బాయి.

సారిక చేతిలోని పెన్ను ఆగిపోయింది.

“... ఈజ్ బుల్లబ్బాయి. మై మదర్ సెల్లింగ్ ఫిష్. ఐ... కంప్యూటర్.”

“వెరీ గుడ్,” అంది సారిక. అలవాటు కొద్దీ పైకప్పు వైపు చూసింది. డాబా మీద నుంచి ఏ కేకా రాలేదు. ఈ బుల్లబ్బాయే ఆ జానకిరామ్. ఆ ‘భయం’ దేనికో ఇప్పుడామెకు అర్థమైంది. రాయడానికి యంత్రం సాయం చేస్తుంది. మాట్లాడాలంటే నోరు తనదే కదా. ఇంగ్లీషు నేర్పే యాప్ తయారుచేసిన మనిషికి ఇంగ్లీషు మాట్లాడటం రాదు.

నవ్వు రావాలి నిజానికి. రాలేదు. జాలీ వేయలేదు. భయపడుతూనే వచ్చి కూర్చున్నాడే, అది ఆమెకు నచ్చింది.

తెలిసిందని ఆమె బయటపడలేదు. కానీ ఊరుకోనూ లేదు. మర్నాడు కంపెనీకి మెసేజ్ పెట్టింది. ‘మీ కంపెనీలో అందరూ ఇంగ్లీషు బాగా రాస్తారండి. మాట్లాడే క్లాసుకి ఎవరైనా వస్తారా?’

‘ఒకాయన ఎక్కడో చేరాడని విన్నానండి. బాగా చదువుతున్నాడాండి?’

‘సిగ్గు ఎక్కువ. మానేస్తాడేమోనని అనుమానం.’

‘మానడులెండి. టీచరు గారు మంచివారట.’

ఆ తర్వాత పాడవని వస్తువులకి కూడా రిపేరు మెసేజీలు వెళ్ళాయి. బోర్డు రంగు మసగ్గా ఉందని ఒకరోజు, గంట శబ్దం బాలేదని ఒకరోజు. అన్నిటికీ జవాబు వచ్చేది. గంట శబ్దం మార్చి, ఏది నచ్చిందో చెప్పమని నాలుగు రకాలు పంపాడతను. సారిక నాలుగూ మోగించి చూస్తుంటే బేబి వంటింట్లోంచి తొంగి చూసింది. “ఏంటే, ఐసు బండి గానీ కొన్నావా?”

*

జూలైలో వానలు పట్టుకున్నాయి. వానొచ్చిన రోజున జీవరాజుగారు డాబా దిగి పక్క గదిలో తలుపు వేసుకుని కూర్చునేవారు. సరిగ్గా ఆ రోజుల్లోనే క్లాసులో సారిక మాట సారికకే తిరిగి వినిపించడం మొదలైంది. ఆమె కంపెనీకి రాసింది.

‘ఒకే ఇంట్లో రెండు ఫోన్లు క్లాసులో ఉంటే అలా వస్తుందండి.’

‘మా ఇంట్లో ఉన్నది ఒక్క లాప్‌టాప్. మీ లోపాన్ని మా మీదికి నెట్టకండి.’

‘సరేనండి. తలుపు కొంచెం గట్టిగా వేసుకోమని చెప్పండి చాలు.’

ఎవరిని వేసుకోమనాలి? ఇదేం వెటకారం? సారికకు కోపం వచ్చి రెండు రోజులు రిపేరు మెసేజీలు మానేసింది. ఆ రెండు రోజులూ ఆమెకే తోచలేదు.

మూడో రోజు క్లాసులో, ఇవాళ వాతావరణం గురించి చెప్పండి అంటే బుల్లబ్బాయి గొంతు సవరించుకున్నాడు. “ఐ బెగ్ టు స్టేట్ దట్ ఇట్ ఈజ్ రెయినింగ్ కాట్స్ అండ్ డాగ్స్ ఇన్ కాకినాడ.”

క్లాసంతా నవ్వింది. అతనూ నవ్వాడు. సారిక మాత్రం నవ్వలేదు. గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా కలిపి, ‘ఐ బెగ్ టు స్టేట్’ అంటూ వాన గురించి చెప్పే మనిషి ఆమెకు తెలిసి ఒక్కరే ఉన్నారు.

జాబితా తీసి చూసింది. నాలుగో గది. రోజూ నాలుగో గదిలో బుల్లబ్బాయితో కూర్చుంటున్నది హెలెన్.

శుక్రవారం పొద్దున్న పది గంటలకు గోరుచిక్కుళ్ళ చేట ముందు పెట్టుకుని, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. కొత్తవాళ్ళు చేరి నెల నిండింది కాబట్టి, అందరికంటే ముందు నాలుగో గది తెరిచింది.

“మెండ్ యువర్ సెంటెన్స్, బుల్లబ్బాయ్.” నాన్న గొంతు.

“ఆయ్, చెప్తానండి సార్.”

“‘ఆయ్’ కాదు. యెస్ సర్.”

“ఆయ్, యెస్ సర్.”

సారిక నవ్వాపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఒకదాని తర్వాత ఒకటి వింటూ పోయింది. నాన్న దిద్దుతున్నారు, నిజమే. కానీ కేక లేదు, ‘రాంగ్’ లేదు. పసిపిల్లవాడికి అన్నం తినిపించినట్టు, ముద్ద ముద్దకూ ఆగి చెబుతున్నారు. ఒకచోట అతను అడిగాడు. “మీకెప్పుడూ భయం వెయ్యలేదాండి సార్?”

“ఎందుకు వెయ్యలేదు? మా నాన్న పాలేరుతనం చేసేవాడు. తొమ్మిదో క్లాసులో ఇన్‌స్పెక్టరుగారు వచ్చి నన్ను లేపారు. ఒక్క వాక్యం చెప్పాను. క్లాసంతా పగలబడి నవ్వింది. మళ్ళీ ఎవరూ నవ్వకూడదని అప్పట్నుంచీ తప్పులు ఏరుకుంటూనే ఉన్నాను. నావి అయిపోయాక ఊళ్ళోవాళ్ళవి.”

సారిక చేతిలో గోరుచిక్కుడు విరగకుండా ఉండిపోయింది. ఈ మాట ఇంట్లో ఆమెకెప్పుడూ చెప్పలేదాయన.

ఆఖరిది నిన్నటిది. అందులో రెండువైపులా వాన చప్పుడే.

“ఇవాళ పాఠం వద్దండి సార్. ఒక మాట అడగాలండి.”

“అడుగు నాయనా.”

“మన మేడమ్ గారంటే నాకు ఇష్టమండి. పెళ్ళంటూ చేసుకుంటే ఆవిడనే చేసుకోవాలని ఉందండి. ఆవిడతో ఇంకా అనలేదు. ముందు పెద్దవాళ్ళ చెవిన వెయ్యాలని మా అమ్మ అంది. వారిది చర్చికి వెళ్ళే ఇల్లు. మాది సముద్రం మీద వేట చేసుకునే ఇల్లు. నాకు ఇంగ్లీషు చూస్తే ఇంతే. ఏమంటారండి?”

వాన కురుస్తోంది.

“ఇంగ్లీషులో చెప్పు,” అన్నారు జీవరాజుగారు.

“సర్... ఐ లైక్ మేడమ్ వెరీ మచ్. ఐ యామ్ ఫియర్. బట్ ఐ యామ్ కమ్ ఎవ్రీ డే. ఆల్ మై లైఫ్ ఐ కమ్.”

సారిక కళ్ళు మూసుకుంది. ఎర్ర పెన్ను ఎక్కడ పడుతుందో ఆమెకు తెలుసు. ఒక క్షణం, రెండు, మూడు. తెర మీద అంకెలు పన్నెండు దాకా నడిచాయి. ఆయన ఒక్క మాటా దిద్దలేదు. తర్వాత గదిలోంచి ఎవరో వెళ్ళిపోయిన చప్పుడు వచ్చింది.

చేట పక్కన పెట్టి ఆమె మామ్మ దగ్గరికి వెళ్ళింది. “మామ్మా, నీ ఫోనేది?”

“మీ నాన్న దగ్గరుంది. డాబా మీద పావురాలకి ఫోటోలు తీస్తాడట.”

“నెల రోజుల్నుంచీనా?”

“చాలా పావురాలున్నాయే,” అంది హెలెనమ్మ, అటు తిరిగి పడుకుంటూ.

*

ఆ సాయంత్రం క్లాసుకు హెలెన్ రాలేదు. బుల్లబ్బాయీ రాలేదు. రోజూ వస్తానన్నవాడు.

సారిక కంపెనీకి రాసింది. ‘నాలుగో గది ఖాళీగా ఉంది. బాగుచెయ్యగలరా?’

‘అది నా చేతిలో లేదండి. పెద్దవారు జవాబు చెప్పకుండా వెళ్ళిపోయారు. చెప్పేదాకా రావడం మర్యాద కాదు.’

శనివారం పొద్దున్న ఫలహారాల దగ్గర, “కాకినాడ వెళ్తున్నాను,” అంది.

“ఏం పనే?” అడిగింది బేబి.

“రిపేరు.”

జీవరాజుగారు పేపరులోంచి తల ఎత్తలేదు. ఎత్తితే కూతురి కళ్ళలోకి చూడాలి. “గొడుగు తీసుకెళ్ళు,” అన్నారు పేపరుతోనే.

వంతెన మీదుగా రాజమండ్రి, అక్కణ్ణుంచి కాకినాడ బస్సు. దారంతా సారిక కిటికీ పక్కనే కూర్చుంది. నాన్న మౌనం అంగీకారం కాదు. కాదనడమూ కాదు. జానకిరామ్ మంచివాడైనందువల్ల ఆ మౌనం ముందు చేతులు కట్టుకుని ఆగిపోయాడు. ఇలా ఇద్దరూ మర్యాదగా ఉంటే తన జీవితం మధ్యలో తడిసిపోతుంది.

చేపల రేవు దగ్గర వలల దుకాణం పైన ఆ ఆఫీసు. మెట్ల కింద ఒకావిడ గొడుగు వేసుకుని, బుట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. సారికను కిందనుంచి పైదాకా చూసింది. “ఎవరమ్మా? టీచరమ్మవా?”

“అవునండి. మీకెలా తెలుసు?”

“ఈ రేవులోకి ఇలాంటి చెప్పులేసుకుని ఎవరొస్తారమ్మా?” అని నవ్వి, తలెత్తి అరిచింది. “ఒరేయ్ బుల్లబ్బాయ్! నీ మేడమొచ్చింది! ఆ చొక్కా మార్చుకోరా!”

మార్చుకునే వ్యవధి లేకపోయింది. మెట్ల మలుపులో ఎదురుపడ్డాడు. సన్నగా, నల్లగా, కంగారుగా ఉన్నాడు. చొక్కా మోచేతి దగ్గర చిరిగింది. దాన్ని అరచేత్తో మూసుకున్నాడు.

“ఆయ్... రండి మేడమ్ గారు. తడిసిపోయారండి.”

“గదుల్లో మాట్లాడేవన్నీ రికార్డవుతాయని మీకు తెలుసా?” అంది సారిక నమస్కారం కూడా పెట్టకుండా.

“ఆ ఎర్ర చుక్క పెట్టింది నేనేనండి.”

“అంటే నేను వింటానని తెలిసే...”

“నెల నిండాక వచ్చే శుక్రవారం పది గంటలకి వింటారండి. అందుకే గురువారం చెప్పాను.”

సారిక గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. “మరి ఆ సార్ ఎవరో కూడా తెలుసా?”

“వానరోజు మాట తిరిగొస్తోందని మీరు రాశారు చూడండి, అప్పుడే తెలిసిందండి. ఒకే ఇంట్లో రెండు ఫోన్లు. మీకు చెప్పాను. మీరు తిట్టారు.” అతను తల వంచుకున్నాడు. “ఇంట్లో మీకు తెలియకుండా కూచున్నారంటే మీ నాన్నగారే అయ్యుంటారనుకున్నాను. ఆయన్ని పట్టివ్వడం ఇష్టం లేకపోయిందండి. అంత శ్రద్ధగా నాకెవరూ చెప్పలేదు.”

“బాగుంది. నాన్నకి చెప్పారు, రికార్డింగుకి చెప్పారు, మీ అమ్మగారికీ చెప్పారు. నాకు తప్ప అందరికీ చెప్పారు.”

“ఇప్పుడు చెప్పమంటారా?”

“చెప్పండి. ఏ భాషైనా సరే.”

అతను నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. తెలుగులోనూ రాలేదు. పక్క రేకు మీద వాన దడదడలాడుతోంది. సారిక అందించలేదు, తొందర పెట్టలేదు. గొడుగు చివరి నుంచి చుక్కలు మెట్టు మీద పడుతుంటే చూస్తూ నిలబడింది.

“మీ క్లాసు ఆరింటికండి,” అన్నాడు చివరికి. “ఆ గంట బాగుంటుంది. మిగతా రోజంతా ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదండి.”

ఆమెకు నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమ్మగిల్లాయి. దేన్నీ దాచుకోవాలనిపించలేదు. “నేను ఆదివారం చర్చి మానను,” అంది.

“మానొద్దు. మా అమ్మ ఏటా కొండకి వెళ్ళే మొక్కు మానదు. నేను ఇద్దర్నీ బండి మీద దింపుతానండి.”

“పనీ మానను.”

“అయ్యో, మీరు మానితే మా కంపెనీ మూసుకోవాలండి. రోజూ రిపేర్లు చెప్పేది మీరొక్కరే.”

కిందనుంచి ఆవిడ గొంతు వినిపించింది. “ఒరేయ్, ఆ అమ్మాయిని మెట్ల మీదే నిలబెట్టావేంటిరా? కుర్చీ లేదా మీ ఆఫీసులో?”

వెళ్ళేటప్పుడు సారిక అంది. “రేపు మా ఇంట్లో చెప్తాను. అడగడానికి కాదు, చెప్పడానికి. మీరడిగారు, సరిపోయింది.”

*

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఒంటిగంట అయింది. బేబి కోడికూర, చారు, పెరుగు బల్ల మీద సర్దింది. హెలెనమ్మ ప్రార్థన చేసింది. బేబి నిలబడి వడ్డిస్తుంటే ముగ్గురూ పళ్ళాల్లో చెయ్యి పెట్టారు. జీవరాజుగారు మూడు రోజులుగా తింటున్నట్టే, ఏం తింటున్నారో చూసుకోకుండా తింటున్నారు.

“అమ్మా,” అంది సారిక. గొంతు పెంచలేదు. చారు ఇటివ్వమన్నట్టుగానే అంది. “నేను జానకిరామ్ గారిని పెళ్ళి చేసుకుంటున్నాను.”

బేబి చేతిలో గరిటె గాల్లోనే ఆగింది. “ఎవరా జానకిరామ్?”

“రిపేరు అబ్బాయి,” అంది హెలెనమ్మ.

“మనవాళ్ళేనా?”

“కాదమ్మా. కాకినాడ రేవులో వేట చేసుకునేవాళ్ళు. హిందువులు. రిజిస్టరు పెళ్ళి. నేను చర్చి మానను, ఆయన మానమనరు. నిన్న వాళ్ళమ్మగార్ని కూడా చూశాను.”

“ఏవండీ! వింటున్నారా? ఏవండీ!”

జీవరాజుగారు మంచినీళ్ళు తాగి, గ్లాసు మెల్లిగా కింద పెట్టారు. “నాకు గురువారమే తెలుసు. నన్ను అడిగాడు.”

“మిమ్మల్నా? ఎక్కడ?”

“క్లాసులో,” అన్నారాయన. అని, ఆ ఒక్కమాటతో నెల రోజుల దొంగతనం బయటపడిందని గ్రహించి, చెవులు ఎర్రబడి, పళ్ళెంలోకి చూశారు. “జవాబు చెప్పలేక పారిపోయి వచ్చాను. చర్చిలో వాళ్ళేమంటారో, మన చుట్టాలేమంటారో అని మూడు రోజులుగా మథనపడుతున్నాను. ఇంగ్లీషు గురించి మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అది నాకే వింతగా ఉంది.” కూతురి వైపు తిరిగారు. “నువ్వు అడగలేదు. చెప్పావు.”

“చెప్పాను నాన్నా.”

“సరే,” అన్నారు జీవరాజుగారు. మళ్ళీ, “సరే అమ్మా. మంచివాడు,” అన్నారు.

హెలెనమ్మ తన పళ్ళెంలోని కోడికాలు తీసి కొడుకు పళ్ళెంలో వేసింది.

“వచ్చే ఆదివారం ఆయనా, వాళ్ళమ్మగారూ భోజనానికి వస్తున్నారు,” అంది సారిక.

బేబి ఇంకా నిలబడే ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో ఒత్తుకుంది. భర్త వైపు చూసింది, అత్తగారి వైపు చూసింది. గరిటె కూర గిన్నెలో పెట్టి కుర్చీ లాక్కుని కూర్చుంది.

“జన్మంతా చేపలతో బతికిన మనిషికి,” అంది చివరికి, “నేను వండిన చేపలపులుసు ఏం ఆనుతుందే? శనివారమే చెప్పు ఆ అబ్బాయికి, చేప ఆవిడనే ఎంచి తెమ్మను.”